అప్‌డేట్: చివరికి ఈఈజీతోనే మొదలుపెట్టాను

మనం చూసింది మెదడు ఎలా గుర్తిస్తుందన్న పరిశోధనకి ముందు ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తుని కొలిచే పద్ధతి) నేర్చుకోవాలా, ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ (మెదడులో రక్తప్రవాహపు మార్పుల్ని స్కాన్ చేసే పద్ధతి) నేర్చుకోవాలా అని నాలుగు నెలల క్రితం అడిగాను. "నీ ప్రశ్న మెదడు స్పందించేది 'ఎప్పుడు' అనా, 'ఎక్కడ' అనా?" అని ఒకరు ఎదురడిగారు. అక్కడే తేలిపోయింది. నాది 'ఎప్పుడు'. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐలో రక్తప్రవాహపు స్పందన పతాకస్థాయికి చేరడానికే 5-6 సెకన్లు పడుతుంది. ఈఈజీ మిల్లీసెకన్ల తేడా పట్టేస్తుంది.

మొదటిరోజు కళ్ళు మూయించగానే తల వెనక ఎలక్ట్రోడ్లలో 8-12 హెర్ట్జ్ ఆల్ఫా తరంగాలు లేచాయి. తెరవగానే అణిగిపోయాయి. 1929లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ ప్రచురించింది ఇలాంటిదే అని తెలిసినా, తెరమీద చూస్తే ఒళ్ళు జలదరించింది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆడ్‌బాల్ ప్రయోగంలో (ఒకేలాంటి బొమ్మల మధ్య అరుదుగా వేరేది చూపించేది) పీ300 (ఆ అరుదైన బొమ్మకి సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత వచ్చే అల) మాత్రమే కాదు, ముందొచ్చే అలలు కూడా ఆలస్యంగా వచ్చాయి. రెండు వారాలు నా కోడ్‌నే తిట్టుకున్నాను. తీరా చూస్తే, ట్రిగ్గర్ (బొమ్మ వచ్చిందని రికార్డులో గుర్తు పెట్టే సంకేతం) వెళ్ళిన కాసేపటికి గానీ బొమ్మ మానిటర్ మీద కనబడటం లేదు! తెర మూలన ఫోటోడయోడ్ (వెలుతురుని పట్టే సెన్సర్) అతికించి కొలిస్తే గుట్టు బయటపడింది. ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంది కాబట్టి ఆ మేరకు సమయం జరిపితే సరిపోయింది. మారుతూ ఉంటే డేటా మొత్తం పారేయాల్సి వచ్చేది.

రెప్పపాట్లని ఐసీఏతో (కలిసిపోయిన సంకేతాల్ని విడదీసే లెక్కల పద్ధతి) తీసేయడం వచ్చింది. దవడ కండరాల రొద మాత్రం అంత తేలిగ్గా వదలట్లేదు. పళ్ళు బిగించొద్దని ముందే చెప్పడం నయం. ఇప్పుడు బేస్‌లైన్ (పోలిక కోసం తీసుకునే, బొమ్మ రాకముందు సమయం) ఎంత పెట్టాలన్న దగ్గర తర్జనభర్జన పడుతున్నాను.