మా ఊళ్లో రాబందులు ఏమైపోయాయి?

అడిగినవారు: నా చిన్నప్పుడు ఎద్దు చచ్చిపోతే ఊరి బయట బీడులో పడేసేవాళ్లు, గంటలో రాబందులు దిగేవి, సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. ఇప్పుడు కళేబరం కుళ్లి కంపు కొడుతోంది, చుట్టూ కుక్కలే. సెల్ టవర్ల వల్లే పోయాయని ఊళ్లో అందరూ అంటున్నారు, నిజమేనా? వాసన పట్టి వచ్చేవా అవి?

పశువుల డాక్టర్: టవర్లు కాదండీ. 90ల్లోనే తగ్గడం మొదలైంది, అప్పటికి పల్లెల్లో టవర్లు ఎక్కడివి? కారణం డైక్లోఫెనాక్, గొడ్లకు నొప్పికి వేసే ఇంజెక్షన్. అది వేశాక ఒకటి రెండు రోజుల్లో గొడ్డు చనిపోతే మందు మాంసంలోనే ఉంటుంది, తిన్న రాబందుకు కిడ్నీలు పాడై లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో వాలతాయి కాబట్టి, వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో మందున్నా జాతి మొత్తానికి దెబ్బే. ఈ సంగతి 2004లో తేలింది, 2006లో పశువులకు నిషేధించారు. ఇక వాసన కాదు, చూపు. పైన తిరుగుతూ ఒకటి దిగితే దాన్ని చూసి దూరంగా ఉన్నవీ వచ్చేస్తాయి.

ఆసిఫాబాద్ నుంచి: అన్నా, పూర్తిగా పోలేదు. మా జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది, ఆ నిట్టనిలువు రాతి అంచుల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు, రెక్కలు ఆడించకుండా ఎంతసేపు తేలుతాయో! కానీ ఏడాదికి ఒక్కటే గుడ్డు, పొదగడానికే దాదాపు యాభై రోజులు, పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టేసరికి ఏళ్లు పడుతుంది. అందుకే ఒక్క పెద్ద పక్షి పోయినా చాలా నష్టం. దయచేసి గూళ్ల దగ్గరికి ఎవరూ ఎక్కకండి.

అడిగినవారు: ఇన్నాళ్లూ టవర్లనే తిట్టుకున్నాను. మరి ఆవుకు నొప్పి అయితే ఏ మందు వేయించాలి సార్?

పశువుల డాక్టర్: మెలాక్సికామ్ అడగండి, అది రాబందులకు హాని చేయదు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో పశువులకు నిషేధించారు, అవి వద్దు. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్‌నే తెచ్చి గొడ్లకు పొడిచేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే సీసా మీద పేరు మీరే చదువుకోండి. మందు వేశాక పశువు చనిపోతే బయట పడేయకుండా లోతుగా పూడ్చేయండి.