స్లర్మ్‌లో క్లౌడ్ నోడ్లు లేచాక కూడా డౌన్ అయిపోతున్నాయి, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో జీనోమ్ డేటా విశ్లేషణకి స్లర్మ్ (జాబ్‌లని మెషీన్లకి పంచే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ వాడుతున్నాం. అన్నిటినీ నడిపించే కంట్రోలర్ మెషీన్ ఒక్కటే ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. జాబ్ వచ్చినప్పుడే క్లౌడ్‌లో కంప్యూట్ నోడ్లు (జాబ్‌లు నడిపే మెషీన్లు) లేవాలి, పనయ్యాక ఆగిపోవాలి. అందుకోసం నోడ్ల స్టేట్ క్లౌడ్ అని పెట్టి, నోడ్లని లేపే రెజ్యూమ్‌ప్రోగ్రామ్, ఆపే సస్పెండ్‌ప్రోగ్రామ్ స్క్రిప్టులు రాసుకున్నాం.

జాబ్ ఇవ్వగానే మెషీన్ అయితే లేస్తోంది. జాబ్‌ల జాబితా చూపే ఎస్‌క్యూ కమాండ్‌లో సీఎఫ్ (కాన్ఫిగరింగ్, అంటే నోడ్ సిద్ధమవుతోంది) అని కనిపిస్తుంది. కాసేపటికి నోడ్ డౌన్, జాబ్ మళ్లీ క్యూలోకి! నోడ్ లేచేదాకా ఆగే గడువు రెజ్యూమ్‌టైమౌట్ డిఫాల్ట్‌గా 60 సెకన్లే కదా అని 600కి పెంచాను. కొన్ని నోడ్లు దారికొచ్చాయి, కొన్ని రాలేదు. రాని నోడ్‌లో లాగిన్ అయి చూస్తే స్లర్మ్‌డీ (నోడ్ మీద నడిచే స్లర్మ్ ప్రోగ్రామ్) నడుస్తూనే ఉంది. మంజ్ కీ (నోడ్, కంట్రోలర్ ఒకదాన్నొకటి గుర్తించే రహస్య కీ) రెండు వైపులా ఒకటే, టైమ్ కూడా సరిపోయింది.

నా అనుమానమంతా ఐపీ మీదే. మెషీన్ కొత్తగా పుట్టిన ప్రతిసారీ ఐపీ మారుతుంది, కంట్రోలర్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంటోందేమో. రెజ్యూమ్ స్క్రిప్టులోనే ఎస్‌కంట్రోల్ అప్‌డేట్ కమాండ్‌తో నోడ్‌అడ్రస్ (కంట్రోలర్ దగ్గరున్న నోడ్ ఐపీ) మార్చడం మేలా, లేక స్లర్మ్‌సీటీఎల్‌డీ‌పారామీటర్స్‌లో క్లౌడ్ డీఎన్ఎస్ ఆప్షన్ పెట్టి పేర్ల సంగతి డీఎన్ఎస్‌కే (పేరుకి ఐపీ చెప్పే సర్వీస్) వదిలేయాలా? రెండోదే శుభ్రంగా ఉంటుందనిపిస్తోంది, కానీ పాత రికార్డు కాష్‌లో ఉండిపోతే మళ్లీ ఇదే తలనొప్పి.

ఇంకొకటి, డౌన్ అయిన నోడ్‌ని చేత్తో రెజ్యూమ్ చేసే పని లేకుండా దానంతటదే తిరిగి వాడుకలోకి రావాలంటే రిటర్న్‌టుసర్వీస్ సెట్టింగ్ ఎంత పెడుతున్నారు? పిల్లల థీసిస్ రన్లు ఆగిపోయి ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి సెటప్ నడిపినవాళ్లు మీ కాన్ఫిగ్‌లో ఆ నాలుగు లైన్లు చూపిస్తే ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.