హంతకుల పుస్తకాలు మన కూటముల్లో చదవాలా, వద్దా?

కోట జంక్షన్ పాఠకుడు:

అందరికీ నమస్కారం. విజయనగరంలో మేం పదకొండు మందిమి నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. పోయిన నెల ఒక కుర్రాడు అమెరికాలో వరుస హత్యలు చేసిన టెడ్ బండీ మీద ఆన్ రూల్ రాసిన పుస్తకం తెచ్చాడు. 1980లో వచ్చింది. రాసినావిడా, ఆ హంతకుడూ 1971లో సియాటిల్‌లో ఒకేచోట రాత్రి డ్యూటీలు చేశారు. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళు ఫోన్ చేస్తే ధైర్యం చెప్పే కేంద్రం అది. ఈ సంగతి చెప్పేసరికి గదిలో ఎవరూ కదల్లేదు. ముందు పెట్టిన టీలు చల్లారిపోయాయి.

అంతా అయ్యాక మాలో పెద్దావిడ ఒకరు, "ఆ పోయిన ఆడపిల్లల్లో ఒక్కరి పేరు చెప్పు నాయనా" అన్నారు. కుర్రాడు గబగబా పేజీలు తిప్పాడు, దొరకలేదు. గంటసేపు చెవులప్పగించి విన్న మాకూ ఒక్క పేరు గుర్తులేదు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఈ నెల రానన్నారు.

అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. నా మాట సూటిగా చెప్తున్నాను. వరుస హంతకుల పుస్తకాలు మన కూటముల్లో పెట్టకూడదు. యుద్ధాల్లో జరిగిన ఘోరాల పుస్తకాలు వేరు, అవి చరిత్ర, చదివి తీరాలి. మీరేమంటారు?

సోంపేట చదువరి:

నేను ఒప్పుకోనండీ. ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్ళొస్తాను. రాత్రి తొమ్మిది దాటాక స్టేషన్ నుంచి ఇంటికి ఒక్కదాన్నే నడుస్తాను. ఈ పుస్తకాలు నాకు కాలక్షేపం కాదు.

1974 జూలైలో సియాటిల్ దగ్గర ఒక సరస్సు ఒడ్డున ఆ బండీ చేతికి కట్టు కట్టుకుని వచ్చాడు. పడవ కారుకి ఎక్కించాలి, కాస్త సాయం పట్టమని అడిగాడు. పట్టపగలు, చుట్టూ వేలమంది జనం. ఆ ఒక్కరోజే ఇద్దర్ని తీసుకుపోయాడు. ఒకమ్మాయికి ఇరవై మూడు, ఇంకో అమ్మాయికి పంతొమ్మిది. ఇద్దరి పేర్లూ నాకు గుర్తున్నాయి. వాదనలో నెగ్గడానికి వాళ్ళ పేర్లు వాడుకోవడం ఇష్టంలేక ఇక్కడ రాయడం లేదు.

మనకి చిన్నప్పట్నుంచీ ఏం నేర్పారు? తాగి తూలేవాడికీ, వెకిలిగా నవ్వేవాడికీ దూరంగా ఉండమన్నారు. చేతికి దెబ్బ తగిలి, మర్యాదగా సాయం అడిగేవాణ్ణి కూడా ఒక క్షణం ఆగి చూడమని నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బళ్ళో ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకమే చెప్పింది.

కోట జంక్షన్ పాఠకుడు:

మీ మాట కాదనలేనమ్మా. కానీ ఆ జాగ్రత్త చెప్పడానికి నాలుగు పేజీలు చాలవా? మిగతాదంతా అతని చిన్నతనం, అతని చదువు, అతని అందం, కోర్టులో అతని తెలివి. ఆడపిల్లలు ఒక పేజీలో కనబడి అదే పేజీలో పోతారు. పెద్దావిడకి మండింది అక్కడే అనుకుంటాను.

పాలకొండ వకీలు:

పెట్టకూడదు, ఉండకూడదు అన్న మాట వచ్చింది కాబట్టి రెండు కేసులు చెప్తాను.

ఆరు హత్యలకి ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ చెంగల్పట్టు జైల్లో కూర్చుని తన కథ రాసుకున్నాడు. అందులో పోలీసు, ప్రభుత్వ అధికారులతో తనకున్న సంబంధాల సంగతులున్నాయి. 'నక్కీరన్' పత్రిక వెయ్యబోతే అధికారులు ఆపబోయారు. 1994 అక్టోబరులో సుప్రీంకోర్టు, అచ్చు కాకముందే ఆపే అధికారం వాళ్ళకి లేదంది. తీర్పు రాసింది తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. కోర్టు రికార్డుల్లోకి ఎక్కిన విషయం ఎవరైనా రాసుకోవచ్చు అంటూనే, అందులోనే ఒక గీత గీశారు. అత్యాచారానికో అపహరణకో గురైన ఆడమనిషి పేరు రికార్డులో ఉన్నా సరే, దాన్ని పత్రికలకెక్కించి ఆమెని మళ్ళీ అవమానపరచకూడదు. పెద్దావిడ పేర్లు అడిగారు, సోంపేట అమ్మాయి రాయనంది. ఇద్దరి మనసూ ఆ తీర్పులో ఉందనిపించింది నాకు.

రెండోది నోయిడా పక్కన నిఠారీ. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనక కాలవలో పిల్లల ఎముకలు బయటపడ్డాయి. ఇంటి యజమానినీ, పనివాణ్ణీ దేశమంతా నరరూప రాక్షసులంది. నేనూ అన్నాను, నల్లకోటు వేసుకుని కూడా. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఇద్దరి ఉరిశిక్షలూ కొట్టేసింది, దర్యాప్తు సరిగ్గా జరగలేదని తప్పుపట్టింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు పనివాడి మీద మిగిలిన ఆఖరి కేసు కూడా తీసేసింది. ఆ పిల్లల తల్లిదండ్రులకి మాత్రం జవాబు దొరకలేదు.

అందుకే నేను చదివే ముందు చూసుకునేది ఇది: ఈ రచయిత సాక్ష్యం చూపించి రాస్తున్నాడా, హంతకుడి బుర్రలోకి దూరి వాడేం అనుకున్నాడో కూడా తనే చెప్పేస్తున్నాడా? రెండో రకం పుస్తకం నేను సగంలో మూసేస్తాను.

టెక్కలి నుంచి:

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. యుద్ధం పుస్తకాలు వేరు అన్నారు కదా కోట జంక్షన్ వారూ, దానికి నా జవాబు.

మా నాయనమ్మ రంగంలో పుట్టింది. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. వాళ్ళ నాన్న అక్కడి రేవులో బస్తాలు మోసేవాడు. 1930 మే నెలలో రేవు గొడవల్లో తెలుగు కూలీల్ని వెంటాడి చంపినప్పుడు ఆయన ఎక్కడో దాక్కుని బతికాడు. 1941 డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది మనవాళ్ళు అడవుల్లోంచీ కొండల్లోంచీ నడిచి వచ్చారు. అందులో మా నాయనమ్మ ఒకతి, తొమ్మిదేళ్ళ పిల్ల. దారి గురించి నాతో ఒక్కసారే చెప్పింది: "కూకున్నోలు కూకున్నట్టే ఉండిపోనారు బావూ." ఇంకేం అడిగినా మరి నోరు విప్పలేదు.

ఆ దారిలో మోసుకొచ్చిన ఇత్తడి మరచెంబు మా ఇంట్లో ఉంది. మూత మర అరిగిపోయి సగమే తిరుగుతుంది. పక్కన బొటనవేలంత సొట్ట. వాళ్ళమ్మ పడిపోయినప్పుడు పడిన సొట్ట అని మా నాన్న చెప్తాడు. ఆవిడ మరి లేవలేదు.

బర్మా యుద్ధం మీద నేను నాలుగు పుస్తకాలు చదివాను. ఏ జనరల్ ఏ వంతెన కూల్చాడు, ఏ దళం ఏ నది దాటింది, అన్నీ పటాలు గీసి మరీ ఉన్నాయి. నడిచినవాళ్ళకి పేరాలే దక్కాయి. మీ కూటంలో ఆ కుర్రాడు చెప్పిన పుస్తకానికీ వీటికీ నాకు తేడా కనబడలేదు. మీరు గీసిన గీత యుద్ధానికీ హత్యకీ మధ్య ఉంది. అది ఉండాల్సిన చోటు అది కాదని నా గట్టి నమ్మకం. పోయినవాళ్ళు మనుషులుగా పేజీ మీద ఉన్నారా లేదా, అక్కడ గియ్యండి.

గజపతినగరం మాస్టారు:

మరచెంబు సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను నాయనా. మీ మాటకి ఒక్కచోట అడ్డం వస్తాను, క్షమించాలి.

చంపినవాళ్ళ గురించే రాసిన పుస్తకం ఒకటి నా దగ్గరుంది. క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో రాసింది. పోలండ్‌లో యూజెఫూఫ్ అనే ఊరు, 1942 జూలై 13. హాంబర్గ్ నుంచి వచ్చిన రిజర్వు పోలీసులు, దాదాపు ఐదొందలమంది. చాలామంది పెళ్ళాం పిల్లలున్న నడివయసువాళ్ళు. వాళ్ళ మేజరు ట్రాప్ కన్నీళ్ళు పెట్టుకుంటూ పని ఏమిటో చెప్పాడు: ఊళ్ళో యూదు ఆడవాళ్ళనీ, పిల్లల్నీ, ముసలివాళ్ళనీ కాల్చాలి. మీలో పెద్దవాళ్ళెవరికైనా ఇది చేతకాదనిపిస్తే తప్పుకోవచ్చు అన్నాడు. అప్పుడు ముందుకొచ్చి తప్పుకున్నవాళ్ళు ఓ పన్నెండు మంది. సాయంత్రానికి దాదాపు పదిహేనువందల ప్రాణాలు పోయాయి. ఇదంతా 1960ల్లో ఆ పోలీసులే విచారణలో చెప్పుకున్న మాటల్లోంచి తీసిన కథ. పోయినవాళ్ళ గొంతు అందులో తక్కువే. అయినా నేను దాన్ని పక్కన పెట్టలేను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పిల్లాడు డబ్బు తీశాడని ప్రేయర్‌లో అందరి ముందూ నిలబెట్టి కొట్టారు. మాస్టర్లం అందరం వరసలో నిలబడి చూశాం. నా పక్కనున్నాయన గొంతు సవరించుకున్నాడు, అంతే. తీసింది వాడు కాదని వారంలో తెలిసింది. అప్పటికే వాడు బడి మానేశాడు. యూజెఫూఫ్‌కీ దీనికీ పోలికే లేదు, ఆ మాట నేనూ అంటాను. కానీ తప్పుకునే వీలున్నా వరసలో నిలబడిపోయిన మనిషిని ఆ పుస్తకంలో చూసి, ఇన్నేళ్ళ తర్వాత ఆ పిల్లాడి ముఖం నాకు కళ్ళముందుకొచ్చింది.

ఇంకో సంగతి. బొబ్బిలి కథ మనం ఊగిపోతూ వింటాం. 1757 జనవరి 24, ఒకపక్క బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు సేన. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపేశారు. పాపారాయుడి మీసం దగ్గర్నుంచీ మనకి తెలుసు. ఆ ఆడవాళ్ళలో మల్లమ్మ గారి పేరు తప్ప ఇంకొకరి పేరు మీలో ఎవరు చెప్పగలరు? నేను చెప్పలేను.

సోంపేట చదువరి:

నేనూ చెప్పలేను మాస్టారూ.

అయితే నాదో ప్రతిపాదన. 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో జాక్ ది రిప్పర్ అనే పేరుతో చలామణీ అయిన హంతకుడి చేతిలో పోయిన ఐదుగురి మీద హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో పుస్తకం రాసింది. హత్యల వర్ణన పెట్టలేదు. హంతకుడెవరన్న గోలే లేదు. పుట్టుక, పని, పెళ్ళి, తాగుడు, అద్దె కట్టలేక వీధినపడటం, ఆ ఐదుగురి బతుకులే ఉన్నాయి. ఐదుగురూ ఒళ్ళు అమ్ముకునేవాళ్ళే అని లోకం అన్నేళ్ళు అనుకుంది. ముగ్గురి విషయంలో దానికి ఆధారమే లేదంటుందావిడ. ఈ నెల ఇది పెట్టండి.

కోట జంక్షన్ పాఠకుడు:

పెట్టకూడదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. టెక్కలి వారు చెప్పినచోటే గీత గీద్దాం. మాస్టారి పుస్తకం వచ్చే నెలకి. చంపినవాళ్ళ గురించే ఉన్న పుస్తకాన్ని ఎలా చదవాలో అక్కడ మాస్టారే మొదలుపెట్టాలి.

ఇందాక పెద్దావిడకి ఫోన్ చేసి ఐదు పేర్లూ చదివాను. మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ళు ఏం పనులు చేసుకునేవారట?" అన్నారు. ఎలిజబెత్ స్వీడన్‌లో పొలం పని చేసుకునే ఇంట్లో పుట్టిందనీ, లండన్ వచ్చి పెళ్ళి చేసుకుని భర్తతో కాఫీ హోటల్ నడిపిందనీ చెప్పాను.

"కాఫీ హోటలా," అన్నారు. "సరే, ఆదివారం ఎవరింట్లో?"