అప్‌డేట్: అరుగు కొలిచాక మా విద్యార్థుల డిజైన్లు

మూడో సంవత్సరం ఆర్కిటెక్చర్ విద్యార్థులు గీసే గృహసముదాయాలలో కొలతలన్నీ సరిగానే ఉన్నా ఇరుగుపొరుగు కలిసి కూర్చునే చోటే కనిపించడం లేదనీ, ఆ దృష్టిని వారికి ఎలా నేర్పాలనీ జూలైలో అడిగాను. పెన్సిలు పట్టకముందే వారిని వీధిలోకి తీసుకువెళ్లమని ఎక్కువమంది చెప్పారు. అలాగే చేశాను.

అక్కడివారి అనుమతితో వరుసగా నాలుగు సాయంత్రాలు విజయవాడ కృష్ణలంకలోని ఒకే సందులో గడిపాం. ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చుంటున్నారో మాత్రమే రాసుకోమన్నాను. ఒక పెద్దావిడ నీడ జరిగేకొద్దీ తన ప్లాస్టిక్ కుర్చీని జరుపుకుంటూ, చివరికి ఎదురింటి అరుగు దగ్గరకు చేరి, అక్కడ పూలు కడుతున్న ఇద్దరితో కబుర్లలో పడ్డారు. ఆ అరుగు ఎత్తు అడుగున్నర. మా విద్యార్థులలో ఎవరి ప్లానులోనూ అలాంటిది లేదు.

తరువాత తరగతిలో 1950ల నాటి ఒక ప్రయోగాన్ని వివరించాను. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రి వృద్ధుల వార్డులో గోడల వెంట వరుసగా ఉన్న కుర్చీలను మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ సోమర్ చిన్న బల్లల చుట్టూ వేయించగా, కొన్ని వారాలకు రోగుల మధ్య సంభాషణలు గణనీయంగా పెరిగాయి. ఈ ఉదాహరణ వారిని నిజంగా కదిలించింది.

ఇప్పుడు ఒక అమ్మాయి మూలనున్న మెట్లదారిని కుళాయి ఎదుటికి తెచ్చి, మలుపు దగ్గర కూర్చునే చోటు పెట్టింది. అగ్నిప్రమాద సమయంలో దారి ఇరుకు కాకూడదు కనుక అరుగును పక్కకు జరపమన్నాను. వచ్చే వారం ఈ డ్రాయింగులను ఆ సందువారికే చూపించబోతున్నాం.