యార్డులో ఏడ్చిన మనిషి వీడియో పెట్టడం తప్పా, కాదా?

నర్సంపేట రోడ్డు:
మా పిన్ని మొన్న ఫిబ్రవరిలో పద్నాలుగు బస్తాల మిర్చి వరంగల్ మార్కెట్ యార్డుకు తెచ్చింది. ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, ఎక్కువుందని మళ్లీ అందులోకే విసిరేశాడు. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, పలికిన ధరలో సగం కూడా రాలేదు. పిన్ని ఆ బస్తా మీదే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరో పిల్లగాడు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని మరీ వీడియో తీశాడు. సాయంత్రానికి వెనకాల ఏడుపు పాటతో రీలు. అది తిరిగి తిరిగి మా చెల్లె అత్తగారి వాట్సాప్ గ్రూపుకు చేరింది. అప్పు సంగతి వాళ్లకు అప్పటిదాకా తెలియదు. పదిమందిలో ఏడిస్తే ఆ ఏడుపు పదిమంది సొత్తేనా? చెప్పండి.

కాజీపేట ప్యాసింజర్:
బాధగా ఉంది అన్నా. కానీ ఒక మాట. 2017లో ఖమ్మం మార్కెట్ గొడవ తర్వాత మిర్చి రైతులకు బేడీలేసి కోర్టుకు తెచ్చారు, గుర్తుందా? ఆ దృశ్యాలు బయటికి రాకపోతే ఎస్సైలు సస్పెండయ్యేవారా? ఆ రైతుల దగ్గరా ఎవరూ పర్మిషన్ అడగలేదు. మొహమాటపడి కెమెరాలు దించేస్తే లాభం ఎవరికో ఆలోచించు.

నర్సంపేట రోడ్డు:
అక్కడ కెమెరా చూసింది బేడీల వైపు. ఇక్కడ ఖరీదుదారు మొహం ఒక్క సెకను కూడా లేదు. తూకం చీటీ లేదు, ధర లేదు. నిమిషం వీడియోలో నిమిషమంతా మా పిన్ని మొహమే. కింద కామెంట్లు చదివావా? 'రైతే రాజు' అని దండాలు పెట్టినోళ్లే ఎక్కువ. ఒక్కడు కూడా ధర ఎంతొచ్చిందని అడగలేదు.

కోర్టు క్యాంటీన్:
నేను వకీలును. ఐటీ చట్టం 66ఈ అని అందరూ అంటారు గానీ, అది ఒంటి మీది ప్రైవేటు భాగాల చిత్రాల గురించి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72 కింద రెండేళ్ల దాకా జైలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్సలో ఉన్నవారి ఫొటోలు వాళ్ల సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వొద్దంటుంది. అదే ఏడాది పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. అయినా యార్డులో ఏడ్చిన మనిషి కోసం నేరుగా ఈ సెక్షన్ అని చూపించడం కష్టం. చట్టం ఆపలేదు కాబట్టి తప్పు కాదనుకోవద్దు. తీయడం ఒక పని, పెట్టడం ఇంకో పని. తీసింది ఫోన్‌లో ఉంచుకుని, ఆమె కుదుటపడ్డాక 'అమ్మా, పెట్టనా' అని అడగడానికి గంట చాలు.

కాజీపేట ప్యాసింజర్:
వరదొచ్చినప్పుడు గంట ఆగుతామా సార్? 2023 జులైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు మునిగితే జనం డాబాలెక్కారు. అప్పుడు కుదుటపడ్డాక అడుగుతానంటే?

కోర్టు క్యాంటీన్:
అప్పుడు అడగక్కర్లేదు, వాళ్లే కాపాడమంటున్నారు కదా. ఈమె ఎవరినీ పిలవలేదు. పైగా కొంగు అడ్డం పెట్టుకుంది. వద్దని ఇంకెలా చెప్పాలి?

పేజీ అడ్మిన్:
నిజం చెప్తా, నాకూ చిన్న పేజీ ఉంది. ఈ వీడియో నేను తీయలేదు, వేరే గ్రూపు నుంచి తీసుకుని పెట్టా. మార్కెట్ ధరల పట్టిక పెడితే నలభై మంది చూస్తారు, ఏడుపు పెడితే వేలల్లో వస్తారు. రైతు కష్టం తెలియాలనే పెట్టానని నన్ను నేను నమ్మించుకున్నా. మీ మెసేజ్ చూశాక మొహం బ్లర్ చేశా.

నర్సంపేట రోడ్డు:
బ్లర్ చేస్తే? చీర అదే, గొంతు అదే. మా ఊళ్లో చిన్న పిల్లలు కూడా గుర్తుపడతారు.

పేజీ అడ్మిన్:
ఇప్పుడే తీసేశా. కానీ ఇంకో మూడు పేజీల్లో కనపడుతోంది, వాళ్లకూ రాశా. ఒకడు 'నీకెందుకు' అన్నాడు. అన్నా, మీ పిన్ని నంబర్ ఇస్తే ఆమెకు సారీ చెప్తా.

నర్సంపేట రోడ్డు:
తెలియని నంబరైతే ఆమె ఎత్తట్లేదు. ఆదివారం ఇంటికి రా, నేనూ ఉంటా. ఫోన్ మాత్రం జేబులోనే ఉంచు.