చర్చ: అమ్మ ఒక్కతే అమెరికా వెళ్తోంది, శంషాబాద్‌లో ఎక్కడ జాగ్రత్త పడాలి?

మల్కాజిగిరి మల్లె:
అందరికీ నమస్తే. మా అమ్మకి 64 ఏళ్ళు, ఊరు సూర్యాపేట పక్కన. వచ్చే నెల డాలస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి ఒక్కతే వెళ్తోంది. దోహాలో విమానం మారాలి. తెలుగు బాగా చదువుతుంది. ఇంగ్లీషులో అంకెలు, తన పేరు గుర్తుపడుతుంది, అంతే. నడకకి ఏ ఇబ్బందీ లేదు, పొలం గట్టు మీద ఇప్పటికీ నాకంటే ముందుంటుంది. నేనేమో శంషాబాద్ నుంచి బెంగళూరు, వైజాగ్ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. టికెట్ 17వ తేదీ తెల్లవారుజామున 3:40కి. పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్ళాలంటే ముందు అనుమతి కావాలన్న ముద్ర, ఉంది, అది చూసి ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తారని మా బాబాయి ఒకటే భయపెడుతున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు, పంపించినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి.

నాచారం నైట్ డ్యూటీ:
అన్నిటికంటే ముందు తేదీ. 17 తెల్లవారుజామున విమానం అంటే మీరు ఇంట్లోంచి కదలాల్సింది 16 రాత్రి. ఇది కూడా చెప్పాలా అనుకోకండి. మా అత్తమామల విమానం ఆదివారం 2:55కి. మనకి పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కదా, తెల్లారేదాకా నిన్నటి రాత్రే అన్నది మా ఇంట్లో అందరి బుర్రల్లోనూ అలాగే ఉండిపోయింది. ఆదివారం సాయంత్రం కొబ్బరికాయ కొట్టి, మా వదినని ఎదురు రమ్మని నిలబెట్టి, రెండు కార్లలో పదకొండుమందిమి బయల్దేరాం. గేటు దగ్గర జవాను టికెట్ చూశాడు, మా మామగారి ముఖం చూశాడు, మళ్ళీ టికెట్ చూశాడు. "ఏక్ దిన్ లేట్ హో గయా సాబ్" అన్నాడు. శకునం బాగానే ఉంది, తేదీయే బాగాలేదు. కొత్త టికెట్లకి పెట్టిన డబ్బు గురించి మా ఇంట్లో ఈరోజుకీ ఎవరూ మాట్లాడరు.

మల్కాజిగిరి నుంచైతే రాత్రి పదిన్నరకల్లా కదలండి. గల్ఫ్, యూరప్ వైపు వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే కాబట్టి ఆ వేళలో లోపల జాతరలా ఉంటుంది. చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు.

కూకట్‌పల్లి అత్తగారు:
అమ్మాయ్, నేను ఆరుసార్లు ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచిన కొత్తలో మొదటిసారి వెళ్ళా. ఒక్క మాట చెప్తా, ఎయిర్‌పోర్ట్ చూసి ఎవరూ భయపడనక్కర్లేదు. శంషాబాద్‌లో డొమెస్టిక్‌కీ ఇంటర్నేషనల్‌కీ ఒకటే బిల్డింగు, ముంబైలోలాగా ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి రోడ్డు మీద పరిగెత్తే పని లేదు. వెళ్ళేవాళ్ళు పై అంతస్తు, వచ్చేవాళ్ళు కింద. గేటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్ కాగితం చూపించాలి. ఫోన్‌లో ఉందిలే అనకుండా ప్రింట్ తీసి ఇవ్వండి, ఆవిడకి కాగితమే అలవాటు. తర్వాత కౌంటర్‌లో బ్యాగులు ఇవ్వడం, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, గేటు. ఇమిగ్రేషన్‌లో ఫారం నింపే పని మనవాళ్ళకి 2017లోనే తీసేశారు. "ఎక్కడికి, ఎవరి దగ్గరికి" అని అడుగుతారు, అది తెలుగులో చెప్పినా సరిపోతుంది. మీరు డొమెస్టిక్‌లో వాడే డిజి యాత్ర, అదే ముఖం చూపించి లోపలికి వెళ్ళే పద్ధతి, ఇక్కడ పనికిరాదు, ఆ లైనులో నిలబెట్టకండి.

బంగారం సంగతి చెప్పాలి. నానుతాడు, నాలుగు గాజులు వేసుకుని వెళ్తే ఏమీ అనరు. మరీ ఎక్కువ పెట్టుకుని వెళ్తుంటే మాత్రం వెళ్ళేటప్పుడే ఇక్కడి కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు "ఇది మా పెళ్ళినాటిది నాయనా" అంటే రుజువు ఏదీ అంటారు.

జగిత్యాల దోస్తు:
అక్కా, ఈసీఆర్ గురించి మీ బాబాయిని నిమ్మళంగ ఉండమను. పదో తరగతి పాస్ కానోళ్ళు గల్ఫ్ లాంటి 18 దేశాలకు పనికోసం పోతుంటేనే ఆ క్లియరెన్స్ అడుగుతారు. అమెరికాకు, అదీ కొడుకును చూసిరావడానికి, దాంతో పనే లేదు. ఇంకోటి, యాభై ఏళ్ళు దాటినోళ్ళు ఆ ముద్ర తీసేయించుకోవచ్చు.

నేను పన్నెండేళ్ళు దుబాయ్‌లో చేసిన. మావోళ్ళను అర్ధరాత్రి శంషాబాద్‌ల ఎన్నిసార్లు ఎక్కించిన్నో లెక్కలేదు. బ్యాగుల రెండు వస్తువులు పెట్టనీయకు. ఒకటి కుడుకలు. ఎండుకొబ్బరిల నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకుల జాబితాల ఉంది, లగేజీల కనిపిస్తే పక్కకు తీస్తారు. రెండోది పవర్ బ్యాంకు, అది చేతిసంచిలనే ఉండాలె. గల్ఫ్ పోయేటోళ్ళు చదువుతుంటే ఇంకోటి: గసగసాలు అసలే వద్దు. మనకది మటన్ కూరల మసాలా, అక్కడ మత్తుపదార్థం కింద లెక్క. మసాలా పొట్లంల కలిసి ఉన్నా తిప్పలే.

పుష్పక్ పాసింజర్:
పంపించడానికి ఇంటిల్లిపాదీ వెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి, టికెట్ లేనివాళ్ళని లోపలికి రానివ్వరు. ఒకరిద్దరు చాలు. సికింద్రాబాద్ వైపు నుంచి రాత్రంతా పుష్పక్ బస్సులు ఉంటాయి, సామాను పెట్టుకునే చోటూ ఉంటుంది. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మాత్రం పుష్పక్‌లో చెల్లదు, మా పక్కింటావిడ ఆధార్ చూపించి కండక్టర్‌తో జేబీఎస్ నుంచి ఉప్పల్ దాకా వాదించింది. మెట్రో ఇంకా అక్కడిదాకా రాలేదు. మెహిదీపట్నం వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా వెళ్ళిపోవచ్చు. బైకులకి దాని మీద అనుమతి లేదు. మా తమ్ముడు ఎక్కబోయి వెనక్కి తిరిగాడు.

మల్కాజిగిరి మల్లె:
అందరికీ థాంక్స్. వెంటనే టికెట్ తీసి తేదీ చూశా, క్యాలెండర్‌లో 16 చుట్టూ ఎర్ర పెన్నుతో గీశా. ఒక సందేహం. వీల్‌చెయిర్ పెట్టించమని తమ్ముడు అంటున్నాడు. అమ్మ "నాకేం రోగం" అని గొడవ. ఏం చేయమంటారు?

మౌలాలి మోకాళ్ళు:
కొంచెం కటువుగా చెప్తున్నా, ఏమనుకోకండి. మా నాన్నకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కిందటేడు ఆయన కుర్చీ కోసం నలభై నిమిషాలు కూర్చున్నాం. మా ముందున్న కుర్చీల్లో సగంమంది విమానం దిగాక బ్యాగులు వాళ్ళే లాగేసుకుని వెళ్ళిపోయారు. భాష రాకపోవడం కాళ్ళు లేకపోవడం కాదు కదండీ.

కూకట్‌పల్లి అత్తగారు:
బాబూ, నీ బాధ నిజమే. కానీ ఒంటరిగా వెళ్ళే ఆడమనిషికి అన్ని వేల అడుగుల హాల్లో దారి అడగడానికి నోరు లేకపోతే అదీ అవిటితనమే. నేను మొదటి రెండుసార్లు కుర్చీలో వెళ్ళాను, దాపరికం లేదు. మూడోసారి మానేశా, ఎందుకో చెప్తా. దారిలో మారే ఒక ఎయిర్‌పోర్ట్‌లో నన్ను ఒక మూల కూర్చోబెట్టి ఆ అబ్బాయి వెళ్ళిపోయాడు. గంటన్నర ఎవరూ రాలేదు. నా బోర్డింగ్ పాస్ కూడా వాడి చేతిలోనే ఉండిపోయింది. చుట్టూ ఎనిమిదిమంది మాలాంటివాళ్ళే, సగం మంది తెలుగువాళ్ళే. ఒకావిడ అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. నేను లేచి నడిచి వెళ్ళి ఒక యూనిఫాం పిల్లని పట్టుకుని తీసుకొచ్చా. నడవగలను కాబట్టి బతికిపోయా.

అందుకని అమ్మాయ్, విమాన సంస్థకి ఫోన్ చేసి, పెద్దావిడ, భాష రాదు, దారి చూపించే మనిషి కావాలి అని అడిగి చూడు. కొన్ని సంస్థలు తోడు పంపిస్తాయి. కుర్చీయే కావాలనుకుంటే 48 గంటల ముందే చెప్పి పెట్టాలి. ఏదైనా సరే, పాస్‌పోర్టూ బోర్డింగ్ పాసూ ఎవరికిచ్చినా చూసిన వెంటనే వెనక్కి అడిగి తీసుకోమను. మెడలో వేలాడే చిన్న సంచి కుట్టించు.

దోహాలో ఒక గుర్తు చెప్తా. హాలు మధ్యలో పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, ఏడు మీటర్ల ఎత్తు, నెత్తి మీద పెద్ద దీపం. దిగాక మళ్ళీ ఒకసారి సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, అది దాటి లోపలికి వస్తే కనపడకుండా పోదు. అక్కడికి చేరి, పక్కన ఉన్న బోర్డులో తన విమానం నంబరు, గేటు అక్షరం చూసుకోమను. ఏ నుంచి ఈ దాకా అక్షరాలు ఐదే. అవి నేర్పించడానికి నెల చాలదూ?

తార్నాక తాళంచెవి:
బ్యాగుల బరువు ఇంట్లోనే చూడండి. మేము బాత్రూం తూకం మీద ముందు నేను నిలబడి, తర్వాత బ్యాగు ఎత్తుకుని నిలబడి తీసివేత చేస్తాం. 23 కిలోలంటే 22 దగ్గరే ఆపేయండి. పచ్చళ్ళు చేతిసంచిలో వద్దు, నూనె ఉన్నదేదైనా సెక్యూరిటీలో పేచీ. సీసాలు కాదు, ప్యాకింగ్ చేసే స్వగృహ దుకాణాల్లో మందం కవర్లలో వేయించండి, దాని పైన ఇంకో కవరు. మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు అమెరికాలో ఒప్పుకోరు.

మల్కాజిగిరి మల్లె:
అమ్మ చేరింది! నాలుగు రోజులైంది, ఇప్పటికి కూర్చుని రాస్తున్నా.

అట్టముక్కలు కోసి నాలుగు కార్డులు చేశాను. ఒకటి శంషాబాద్, రెండు విమానంలో, మూడు దోహా, నాలుగు డాలస్. పైన తెలుగులో ఏం చేయాలో, కింద ఎదుటివాళ్ళకి చూపించడానికి అదే మాట ఇంగ్లీషులో. మూడో కార్డు వెనక మా పాప పసుపు క్రేయాన్‌తో ఎలుగుబంటిని గీసింది. నాలుగింటికీ చిల్లు వేసి తాడు కట్టాం, అమ్మ దాన్ని జపమాలలా చేతికి చుట్టుకుంది. కుర్చీ ససేమిరా వద్దంది.

శంషాబాద్‌లోనే మొదటి గండం. బ్యాగులు లోపలికి వెళ్ళిపోయాక అమ్మని వెనక్కి పిలిచారు. నేను అద్దం తలుపు ఇవతల, లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఫోన్ చేస్తే అమ్మ గొంతు తగ్గించి "మీ పెద్దమ్మ బియ్యప్పిండిలో కుడుకలు దాచిందటే" అంది. జగిత్యాల అన్నా, మీరు చెప్పిన మాట ఇంట్లో అందరికీ చెప్పా, పెద్దమ్మకి తప్ప. రెండు కుడుకలూ తీసి పక్కన పెట్టి, చేతికంటిన పిండి దులుపుకుని వెళ్ళిపోయిందట.

దోహాలో ఎలుగుబంటి దొరికింది. కార్డు వెనక బొమ్మ చూపిస్తే తుడిచే అమ్మాయి నవ్వి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందట. డాలస్‌లో అధికారి ఏదో అడిగితే "తెలుగు" అంది. ఫోన్‌లో తెలుగు మాట్లాడే మనిషిని కలిపారు. ఎన్నాళ్ళు ఉంటారంటే రిటర్న్ టికెట్ చూపించింది. తినే వస్తువులేమున్నాయి అని అడిగితే మా అమ్మ ఆవకాయ, గోంగూర, సున్నుండలు అని వరసగా చెప్పి చివర్లో "కరివేపాకు" అని కూడా చెప్పేసింది. పెరట్లోంచి బయల్దేరే ముందు కోసి చీర మడతల్లో పెట్టిందట, నాకే తెలియదు. ఆకు తీసేసుకున్నారు. తనే చెప్పింది కాబట్టి జరిమానా లేదు.

ఇప్పుడు కొత్త సమస్య. తిరుగు ప్రయాణం తమ్ముడు ఢిల్లీ మీదుగా తీశాడు. డాలస్‌లో బ్యాగులు ఇస్తే నేరుగా హైదరాబాద్‌లో తీసుకోవడమేనా?

నాచారం నైట్ డ్యూటీ:
కాదండీ. దేశంలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్. ట్యాగు మీద హైదరాబాద్ అని ఉన్నా ఢిల్లీలో బెల్టు మీద బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ ఇవ్వాలి. చాలామంది ఇది తెలియక బ్యాగులు అక్కడే వదిలేసి వచ్చేస్తారు. మధ్యలో నాలుగు గంటలైనా ఉండేలా చూడమనండి. రెండో విమానం కూడా టెర్మినల్ 3 నుంచేనా అన్నది టికెట్‌లో చూడండి, టెర్మినల్ 1 అయితే మళ్ళీ రోడ్డెక్కాలి.

మల్కాజిగిరి మల్లె:
అయితే ఐదో కార్డు కావాలి. మా పాప అప్పుడే అడుగుతోంది, ఢిల్లీకి ఏ బొమ్మ గీయాలని.

కూకట్‌పల్లి అత్తగారు:
చేతులు గీయమను. టెర్మినల్ 3లో ఇమిగ్రేషన్ కౌంటర్ల పైన గోడ మీద పేద్ద పేద్ద చేతులు, నాట్యంలో ముద్రలు పట్టినట్టు ఉంటాయి. అవి దాటి కిందికి వస్తే బ్యాగులే.