ఈ మతిమరుపుకి మెదడు పరిశోధన ఏం చేసింది?

గోదారిగట్టు:
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. మందులతో చెవిలో మాటలు ఆగి ఆరేళ్లయింది. అయినా కొట్టుకి నాలుగు వస్తువులకు పంపితే ఒక్కటే తెస్తాడు. సినిమా చూస్తూ మధ్యలో కథ వదిలేస్తాడు. ఈ చిక్కుకే తయారుచేసిన ఎన్సెనిక్లిన్ అనే మందు 2016లో ట్రయల్స్‌లో పోయింది. ఐక్లెపెర్టిన్ అనే ఇంకో మందు కూడా మూడో దశ ట్రయల్స్‌లో ఫెయిలైందని 2025 జనవరిలో చెప్పారు. ఈ పరిశోధన డబ్బేదో శిక్షణ కేంద్రాలకు పెట్టొచ్చు కదా?

పుస్తకాలపురుగు:
అన్నా, మందు ఫెయిలైతే పరిశోధన ఫెయిలైనట్టు కాదు. 1952లో క్లోర్‌ప్రోమజైన్ మొదలు ఈ జబ్బుకిచ్చే దాదాపు అన్ని మందులూ డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డి2 రిసెప్టర్‌నే ఆపుతాయి. భ్రమలు తగ్గుతాయి, జ్ఞాపకశక్తి పెద్దగా మారదు. అంటే ఆ లోపం వేరే చోట ఉందన్నమాట. చనిపోయిన రోగుల మెదళ్లలో, నుదుటి వెనక భాగంలో, పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్ ఉండే గాబా కణాలు (పక్క కణాల జోరు తగ్గించేవి) నీరసించి కనిపించాయి. మిగతా కణాలు ఒకే లయలో నడిచేలా తాళం వేసేవి ఇవే. తాళం తప్పితే సెకనుకు సుమారు 40 సార్లు నడిచే గామా తరంగాలనే మెదడు విద్యుత్ తరంగాలు చెదురుతాయి. విన్న ఫోన్ నంబరు డయల్ చేసేదాకా మనసులో నిలవాలంటే ఆ లయ కావాలి.

వాదనారాయణ:
తాళం తప్పిందని తెలిసి ఎన్నేళ్లయింది బాబూ? ప్రయోగశాలలో మందిచ్చిన ఎలక దారి కనుక్కుంటే మనిషి మతి బాగుపడుతుందా? 2016లో సి4 జన్యువు అన్నారు, కుర్రతనంలో మెదడు తన సినాప్స్‌లను, అంటే కణాల మధ్య అతుకులను, అతిగా కత్తిరించుకోవడంలో దాని చెయ్యి ఉండొచ్చన్నారు. సరే. ముప్పై ఐదేళ్లవాడికి తెగినవి ఎవరు అతికిస్తారు?

పుస్తకాలపురుగు:
అందుకేనండీ ముందే పట్టుకోవాలనేది. చాలామందిలో ఈ లోపం భ్రమలకంటే ముందే మొదలవుతుంది.

నైట్‌డ్యూటీ సిస్టర్:
మీరిద్దరూ తరంగాల్లో తేలుతున్నారు. గోదారిగట్టు గారూ, తమ్ముడికి వణుకు రాకుండా ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తున్నారా? అది జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటుంది, మతిమరుపు పెంచుతుంది. ఇది కూడా మెదడు పరిశోధన వల్ల తెలిసిందే, వాదనారాయణ గారూ. వణుకు పోయినా ఏళ్ల తరబడి చీటీలో అలాగే ఉండిపోతుంది. మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుగారిని అడగండి. శిక్షణ కూడా మంచిదే. కాకపోతే కంప్యూటర్ ఆటలొక్కటే చాలవు. నేర్చుకున్నది కొట్లోనూ వంటింట్లోనూ వాడించే మనిషి పక్కన ఉండాలి.

గోదారిగట్టు:
చీటీ తీసి చూశా సిస్టర్. ఉంది. ఎప్పుడో చేతులు వణికినప్పుడు రాశారు, నాలుగేళ్లయింది. సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నా.